అన్ని సర్వర్లకూ ఒకే పాలసీ రాసిన నా గర్వాన్ని దేవుడు విరిచాడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఏడాది క్రితం ఒక ఉదయం నేను ఆసుపత్రి సర్వర్ గదిలో గడియ వేసుకుని కూర్చున్నాను. బయటికి వస్తే నిజం చెప్పాలి, చెప్పడానికి నోరు రావడం లేదు. వైరస్ పడి రోగుల ఫైలు ఒక్కటీ తెరుచుకోవడం లేదు, అవతల వార్డులో ఆవపల్లి వైపు నుంచి వచ్చిన పదేళ్ళ పిల్లకు రక్తం ఎక్కించాలి. సికిల్‌సెల్ జబ్బు పిల్ల. ఇంతకుముందు ఏ రక్తం ఆమె ఒంటికి పడలేదో ఆ వివరం మా కంప్యూటర్‌లోనే ఉంది, అది చూడకుండా ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. ఆ వివరం అందకుండా పోవడానికి కారణం నేనే.

నా పేరు సుధాకర్. మా నాన్న గనుల్లో పనికోసం ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, నేను గీదం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూస్తాను. నాకు పని వచ్చు, వచ్చునన్న పొగరు అంతకు రెండింతలు. వైరస్‌ను పట్టే సాఫ్ట్‌వేర్‌కు ఏది తనిఖీ చేయాలో, ఏది వదిలేయాలో నియమాలు రాసిపెట్టాలి, దాన్నే పాలసీ అంటారు. మాకున్నవి మూడు సర్వర్లు, రోగుల వివరాల డేటాబేస్ ఒకటి, అందరూ ఫైళ్ళు పెట్టుకునేది ఒకటి, నకళ్ళు దాచే బ్యాకప్ ఒకటి. మూడింటినీ ఒకే గుంపులో వేసి, ఒకే పాలసీ రాసి, ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాను. ఆ తనిఖీ వల్ల డేటాబేస్ నత్తనడక నడిచింది, ల్యాబ్ వాళ్ళు గోలపెట్టారు. వెంటనే డేటా డ్రైవ్ మొత్తాన్నీ తనిఖీ నుంచి మినహాయించాను, ఒకే పాలసీ కాబట్టి ఆ మినహాయింపు మూడింటికీ వర్తించింది, ఊళ్ళలో వైద్య క్యాంపులు తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌లన్నీ పెట్టే ఫైల్ సర్వర్‌కు కూడా! ఒక్కడికి నిద్ర పట్టలేదని ఊరి కుక్కలన్నిటినీ కట్టేసినట్టయింది.

నాతో పనిచేసే కుమారి ఉసూరు వైపు రైతుబిడ్డ. ఆమె బ్యాకప్‌ను నా గుంపులోంచి తీసి, ఏ మినహాయింపూ లేని వేరే పాలసీ పెట్టింది. నేను మండిపడ్డాను.

"ఏంది సార్, విత్తనం వడ్లు, తిండి వడ్లు ఒక్క గుమ్మిలనే పోస్తరా? తిండి వడ్లకు పురుగు పడితె ఒక్క ఏడు పస్తుంటం, విత్తనానికి పడితె ఎవుసమే పోతది" అంది.

నేను వినలేదు, సోమవారం వచ్చి దాన్ని మళ్ళీ నా గుంపులో కలిపేస్తానన్నాను. ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి వెళ్ళేసరికి మలేరియా! పది రోజులు మంచాన పడి, ప్రభువా, నీ సేవలో ఉన్నవాడికి ఇదేం బహుమానమని సణిగాను, లేచాక బ్యాకప్ సంగతే మరిచిపోయాను. నెల తిరక్కుండానే ఒక పెన్‌డ్రైవ్‌తో వైరస్ వచ్చి పడింది.

ఆ గదిలో నేను చేసిన మొదటి ప్రార్థన చెప్పుకోవడానికి సిగ్గవుతుంది. "ప్రభువా, ఇది నా తప్పని ఎవరికీ తెలియనివ్వకు" అన్నాను. ఆ మాట నా చెవిన పడగానే నామీద నాకే అసహ్యం వేసి ఏడ్చాను. "తండ్రీ, నా పేరు పోతే పోనీ, ఆ పిల్లను బతికించు" అన్నాను. లేచి ఆ పిల్లకు వైద్యం చేస్తున్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, కుమారి ఎదుటే తప్పు నాదని ఒప్పుకున్నాను.

"ఏడుపు తర్వాత సుధాకర్, ఏం మిగిలిందో చెప్పు" అన్నారు డాక్టరమ్మ. ఏమీ లేదన్నాను.

"సార్, బ్యాకప్‌ను మీరు మళ్ల గుంపుల కలిపిండ్రా?" అంది కుమారి.

కలపలేదు! జ్వరం నన్ను కలపనివ్వలేదు, నేను సణిగిన ఆ జ్వరమే నా చెయ్యి పట్టి ఆపింది! తెరిచి చూస్తే వైరస్ బ్యాకప్ దాకా వచ్చి పట్టుబడి ఉంది, ముందురోజు నకలు చెక్కుచెదరలేదు. హల్లెలూయా! వివరం దొరికింది, మధ్యాహ్నానికి జగదల్‌పూర్ నుంచి సరిపడే రక్తం వచ్చింది, పిల్ల కళ్ళు తెరిచి అన్నం అడిగింది.

ఇప్పుడు ఏ సర్వర్ పాలసీ ఆ సర్వర్‌కే ఉంది. కుమారి చెబుతుంటే నేను టైపు చేశాను. డేటాబేస్‌లో దాని సొంత ఫైళ్ళకే మినహాయింపు, ఫైల్ సర్వర్‌లో ప్రతి పెన్‌డ్రైవ్‌కూ తనిఖీ, బ్యాకప్‌లో దేనికీ సడలింపు లేదు.

పిల్లను ఇంటికి తీసుకువెళ్తూ తండ్రి నా చేతులు పట్టుకోబోయాడు. కాపాడింది ఈమేనని ఆయన్ని కుమారి ముందుకు తీసుకువెళ్ళి, అందరూ చూస్తుండగా "చెల్లీ, నన్ను క్షమించు" అన్నాను.

"క్షమించిన సార్. ఇంకోసారి తప్పు చేస్తె మళ్ల చెప్త" అంది.

తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని భయపడేవారు మీలో ఉంటే వినండి. నా పరువు పోయింది, పిల్ల బతికింది, నాకు నష్టమేమీ లేదు. నన్ను వంచి నిలబెట్టిన దేవునికే మహిమ, ఆయనను నమ్మి మీరూ నోరు విప్పండి. ఆమేన్.