పురి విప్పని నెమలి

మొన్న బీరువా సర్దుతూ మా ఆవిడ ఒక నల్లటి చిన్న ముక్కని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "బావా, ఇదేటి, జెర్రిలాగున్నాది? పారేసీమంటావా?" అని అడిగింది. రెండు పక్కలా కాళ్లు, వీపు మీద శనగబద్దంత గాజు కిటికీ, దాని పక్కన వెలిసిపోయిన పసుపు మరక. నాకు ఒళ్లు మండుకొచ్చింది. నా పెళ్లిని ఏడాది పాటు ఆపిన చిప్పు అది. ఆపించింది ఎవరనుకున్నారు? ఆ అడుగుతున్న మహాతల్లే!

మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో జాతర వచ్చిందంటే వెదురు తడకల మీద రంగు బల్బులు కట్టి ఏనుగుల్ని నడిపించేవారు, చక్రాలు తిప్పేవారు. ఆమదాలవలసలో మా మావయ్యకి అలాంటి లైటింగు దుకాణం ఉండేది, నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఏ బల్బు ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆరాలో చిప్పులో రాసి పెడితే, అది అలా ఆడించేది. తప్పు రాస్తే ఆ గాజు కిటికీకి ఒక ప్రత్యేకమైన దీపం వెలుతురు పట్టించి అంతా చెరిపేసి మళ్లీ రాసుకునేవాళ్లం. రోజుల తరబడి ఎండ తగిలినా చెరిగిపోతుంది కనక, రాయగానే కిటికీ మీద నల్ల కాగితం అతికించి తీరాలి.

ఆ ఏడు విజయనగరంలో అమ్మవారి జాతరకి మన బల్బుల నెమలి పురి విప్పి ఆడాలని మావయ్య పట్టుపట్టాడు. అది ఆడితే తన కూతుర్ని నాకిచ్చి ముహూర్తం పెట్టిస్తానని నలుగురిలో అనేశాడు కూడా. ఇంకేం, నెల రోజులు గళ్ల కాగితం మీద ఒక్కొక్క బల్బూ గీసుకుంటూ రాశాను. చిప్పుని దుకాణంలో భద్రంగా పెట్టి, తడకలు కట్టడానికి విజయనగరం వెళ్లిపోయాను.

ఈలోగా ఆయుధపూజ వచ్చింది. స్పానర్లకీ సోల్డరింగు కడ్డీకీ పసుపు రాసి బొట్టు పెట్టడం మావయ్య కూతురి పని, నా చిప్పుకీ పెట్టింది. పూజలో పెట్టిన పళ్లేన్ని మళ్లీ పని పడేదాకా కదపకూడదని వాళ్లింటి పట్టింపు, అందుచేత అది డాబా మీద తులసికోట దగ్గర వారం రోజులు అలాగే ఉండిపోయింది. నా ఖర్మ, ఆ వారం రోజులూ ఒక్క మబ్బు పట్టలేదు.

జాతర నాడు సందెవేళ మావయ్య చిప్పు పట్టుకొచ్చాడు. పసుపు చూశాను, కాగితం లేకపోవడం చూశాను. రాసే మిషను ఆమదాలవలసలో ఉంది, జనమేమో అప్పటికే విరగబడి ఉన్నారు. గత్యంతరం లేక చిప్పు బిగించి స్విచ్చి వేశాను. చెరిగిపోయిన చిప్పు బల్బులన్నిటినీ వెలగమనే అంటుంది. ముడిచిన పురి, సగం విప్పిన పురి, మొత్తం విప్పిన పురి, అన్నీ ఒకేసారి వెలిగి ఒక్క ముద్దయిపోయి కదలకుండా నిలబడ్డాయి.

"ఒరే అల్లుడూ, ఆడతాదన్నావు, ఆడిందేటిరా? ముందు దాన్ని ఆడించు, పెళ్లి సంగతి పైయేడు సూద్దుం" అన్నాడు మావయ్య, అందరూ వింటూండగా. సిగ్గుతో చచ్చిపోయాను.

అంతలో ఈవిడ పక్కకొచ్చి, "పాపం, దాని కన్నుకి గంతలు కట్టేసినావేటి బావా? నేనే పీకీసి, కన్ను తప్పించి బొట్టెట్టాను" అని గొప్పగా చెప్పింది. తండ్రికి తెలిస్తే ఈవిడని మళ్లీ దుకాణం గుమ్మం తొక్కనివ్వడు. తప్పు నాదేనని ఒప్పుకుని, ఏడాది ఆగి, మరుసటి జాతరకి నెమలిని ఆడించి మరీ పెళ్లి చేసుకున్నాను. ఆవిడకి మాత్రం ఈనాటి వరకూ అసలు సంగతి తెలీదు. పైగా నలభై ఏళ్లుగా, నీ చేతగానితనం వల్ల కాదూ మా నాన్న పరువు పోయిందని నన్నే దెప్పుతుంది!

ఇప్పుడు జాతరల్లో ఒక పెద్ద తెర నిలబెడితే అందులోనే నెమళ్లు ఎగురుతున్నాయి. ఫోనులో ఒక్క ఫొటో చెరపాలన్నా, నిజంగానే చెరిపేయమంటారా అని అది మర్యాదగా అడుగుతుంది. ఆనాటి ఎండ నన్ను ఒక్క మాట అడిగిందా? మావయ్య వెళ్లిపోయాడు, ఆ దుకాణమూ లేదు, నేను దోషిని కానని ఆయనకి చెప్పుకునే అవకాశం ఇక రాదు.

పారేయొద్దని గట్టిగా అరిచాను. "సర్లే, అరవకు" అంటూ ఆవిడ చిప్పుని అటూ ఇటూ తిప్పి చూసింది. "కన్నిలా తెరిసీసుంటే దుమ్ము పడిపోదేటి?" అని, అద్దానికి అంటించుకున్న నల్ల స్టిక్కరు బొట్టు ఒకటి తీసి, సరిగ్గా ఆ గాజు కిటికీ మీద అతికించింది.