బావకు తోడు బావమరిది

యుద్ధం తరిమితే దర్జీ తన భార్యనూ బావమరిదినీ వెంటబెట్టుకుని ఈ ఊరు చేరి మూడేళ్లయింది. చేతిపనికి వంక పెట్టే పని లేదు. కానీ పక్క కొట్టు షట్టరు ధన్‌మని పడితే చాలు, బట్ట కత్తిరించే బల్ల కిందికి దూరేవాడు. ఎవరైనా చూస్తే, "సూది పడిపోయింది" అనేవాడు.

"మనసు డాక్టరుకి ఒక్కసారి చూపించుకోండి" అని భార్య పోరు పెట్టేది.

"నాకేమన్నా పిచ్చా? మనవాళ్లకి తెలిస్తే తలెత్తుకోగలనా? పైగా కాగితాల మీద పిచ్చోడని రాస్తే మనల్ని ఇక్కడ ఉండనిస్తారా?"

చివరికి ఆమె ఒక ఉపాయం పన్నింది. "మా తమ్ముడికి కంటి మీద కునుకు లేదు. ఒక్కడే వెళ్లడానికి జంకుతున్నాడు. మీరు తోడెళ్లండి."

బావమరిది కోసమంటే దర్జీ కాదనలేకపోయాడు.

"ఎవరికి బాగాలేదు?" అని డాక్టరమ్మ అడిగింది. ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు చూపించుకున్నారు.

"అదేంటి బావా, నీకు తోడెళ్లమని కదా అక్క నన్ను పంపింది!"

"ఓరి నీ! నాకూ అదే చెప్పిందిరా!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. "ఇక్కడి మాట ఈ గోడలు దాటదు. మీ కాగితాలకీ దీనికీ సంబంధం లేదు" అంది డాక్టరమ్మ. "ముందెవరు మాట్లాడతారు?"

దర్జీ గొంతు సవరించుకున్నాడు. "వీడు చిన్నవాడండి, బెదురుతాడు. నేనే మొదలుపెడతాను" అంటూ, ఇల్లు విడిచిన ఆ ఉదయం గురించి మొదటిసారి నోరు విప్పాడు. గంట ఇట్టే గడిచిపోయింది.

బయటికొచ్చాక బావమరిది అడిగాడు. "అక్కనేం చేద్దాం బావా?"

"ఏం చేస్తాంరా, దణ్ణం పెడదాం" అన్నాడు దర్జీ తేలిగ్గా నడుస్తూ.