గంగాభవాని శనివారాలు

ఇందుకూరుపేటలో రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే ల్యాబు ఒకటుంది. పొద్దున్నే రైతులు సీసాల్లో నీళ్లు తెచ్చి బల్లమీద పెట్టి, టీకొట్టు దగ్గరికి పోయి కూర్చుంటారు. నీళ్లలో ఉప్పు ఎంతుందో, రొయ్యకు ఏ జబ్బు తగిలిందో చూసి చెప్పే మనిషి గంగాభవాని. నలభై దాటిందామెకు. మైపాడు పక్కన బెస్తవాళ్ల పాళెంలో పుట్టింది. ఆ పాళెం నుంచి నెల్లూరు పోయి డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల ఆమే.

డిగ్రీలో జువాలజీ మేడం ఒకరోజు క్లాసులో ఓ ఫోటో చూపించింది. సముద్రం మీద పరిశోధనలు చేసే ఓడ. దాని మీద ఒక అమ్మాయి తలకు గుడ్డ చుట్టుకుని, సన్నని వలలో పడ్డ పురుగుల్లాంటి జీవుల్ని గాజుసీసాలోకి వంపుతోంది. ఆ రోజు నుంచి భవానికి ఇంకో ఆలోచన లేదు. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సీటు కూడా వచ్చింది. చేరాల్సిన నెలలోనే నాయన పక్షవాతంతో మంచాన పడ్డాడు. తమ్ముడు శివ అప్పటికి బడిపిల్లాడు. సీటు ఇంకెవరికో పోయింది. ఆమెకు ల్యాబులో పని దొరికింది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇంట్లో నుంచి చూస్తే సముద్రం కనబడుతుంది. దాని మీదికి మాత్రం ఆమె ఒక్కసారీ పోలేదు. ఆ పాళెంలో ఆడవాళ్లు పడవ ఎక్కరు.

నిరుడు కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి వనజాక్షి ఫోను చేసింది. ఆమె భవానికి రెండేళ్లు సీనియరు, ఇప్పుడు కోవూరు హైస్కూల్లో టీచరు. పాత విద్యార్థులు తలా ఒక పిల్లకు తోడు నిలబడాలనీ, వారానికొక పూట వచ్చి చదువు సంగతీ ముందు దారీ మాట్లాడాలనీ సంఘం అనుకుందట. ఆమె మాట పూర్తికాకముందే భవాని వస్తానంది.

ఆమెకు అప్పగించిన పిల్ల అబిగయీలు, నెల్లూరులో ఆటో నడిపే సమాధానం కూతురు. జువాలజీ గ్రూపు, ఆఖరి సంవత్సరం. నెమ్మదస్తురాలు, అడిగితే తప్ప నోరు విప్పదు. ప్రతి శనివారం మధ్యాహ్నం భవాని మైపాడు ఒడ్డున నీళ్లు పట్టుకుని బస్సెక్కేది. పాత జువాలజీ ల్యాబులో, తాను చదివిన రోజుల్లో కూర్చున్న కిటికీ పక్కనే కూర్చుని, ఒక్కొక్క చుక్కా మైక్రోస్కోపు కింద పెట్టి చూపించేది. ఎంట్రన్సు పుస్తకాలు తెచ్చిపెట్టింది. ఓడల గురించి, లోతు సముద్రంలో రాత్రిపూట పైకి తేలివచ్చే జీవుల గురించి చెబుతూ ఉంటే, చీకటిపడిందని వాచ్‌మన్ వచ్చి చెప్పేదాకా తెలిసేది కాదు. అబిగయీలు చెంపకు చెయ్యి ఆనించుకుని వింటూ ఉండేది. తిరుగు బస్సులో భవాని కళ్లు మూసుకుంటే ఓడమీద తలకు గుడ్డ చుట్టుకున్న అమ్మాయికి అబిగయీలు ముఖం ఉండేది.

ఎమ్మెస్సీ దరఖాస్తులు మొదలయ్యాయని తెలిసి భవాని ఆ శనివారం మరీ ఉత్సాహంగా పోయింది. అబిగయీలు పుస్తకాలు తీయలేదు.

"అక్కా, నేను బీఈడీ చేయాలనుకుంటున్నా. చర్చిలో సండేస్కూలు పిల్లలకి నేనే చెప్తాను. నాకు అదే ఇష్టం."

"ముందే చెప్పి ఉండొచ్చు కదమ్మా?"

"సముద్రం గురించి చెప్పేటప్పుడు మీ ముఖం చూస్తా ఉండిపోయినాను. ఆపాలనిపించలా." అబిగయీలు అడిగింది. "లోపలికి ఎంత దూరం పోయినారక్కా మీరు?"

భవాని తలనొప్పిగా ఉందని లేచి వచ్చేసింది.

తర్వాతి శనివారం ఆమె కాలేజీకి పోలేదు. పిల్ల మీద కోపంగా ఉందనుకుంది. ఇల్లు ఊడుస్తుంటే, వంట చేస్తుంటే అదే ఆలోచన. నిజానికి ఇన్ని నెలల్లో 'నీకేం కావాలి' అని ఆ పిల్లను తాను ఒక్కమాట అడగలేదు. అది తట్టాక కోపం నిలవలేదు. వనజాక్షికి ఫోను చేసి జరిగింది చెప్పింది. ఆ పిల్లకు తగిన మనిషివి నువ్వేనక్కా అంది.

అబిగయీలును కోవూరు బడికి తనే వెంటబెట్టుకుని పోయింది. వనజాక్షి ఆరో తరగతి పిల్లల్ని అప్పగించి పాఠం చెప్పమంది. కాలేజీలో గొంతు లేవని పిల్ల అక్కడ పీత నడక నడిచి చూపించి పిల్లల్ని నవ్వించింది, ప్రశ్నల మీద ప్రశ్నలు వేయించుకుంది. వెనక బెంచీలో కూర్చున్న భవానికి ఎంత సంతోషమైందో లోపల అంత వెలితీ అనిపించింది. అప్పటినుంచి అబిగయీలు శనివారాలు కోవూరులో గడిచాయి. బీఈడీ సీటు వచ్చినరోజు మొదట ఫోను చేసింది మాత్రం భవానికే.

ఆ రోజు సాయంత్రం భవాని పుట్టింటికి పోయి, వల బాగుచేసుకుంటున్న శివను అడిగింది, తనను ఒకసారి పడవలో లోపలికి తీసుకుపొమ్మని. శివ తలెత్తలేదు. పాళెంలో నలుగురూ ఏమంటారో, అమ్మేమంటుందో అని గొణిగాడు. గుమ్మంలో చేపలు కడుగుతున్న తల్లి నాగులమ్మ వింటూనే ఉంది.

"తీసకపోరా," అంది. "నేనూ మీ నాయన్ని అడగాలనుకున్నా, పెళ్లయిన కొత్తలో. అడగలా."

తల్లికి అలాంటి కోరిక ఉండేదని భవానికి ఇన్నేళ్లకు తెలిసింది. నువ్వూ రామ్మా అని పిలిచింది. నాగులమ్మ మోకాళ్లు చూపించి, తడిచేతుల్తో చేపలమీదికి వంగింది.

వేట లేని ఒక ఆదివారం పొద్దున శివ పడవ నీళ్లలోకి తోశాడు. ఒడ్డున ఉన్నవాళ్లు కొందరు ముఖం తిప్పుకున్నారు, కొందరు చూస్తూ నిలబడ్డారు. విరిగే అలలు దాటేవరకు భవాని పడవ అంచు గట్టిగా పట్టుకుంది. దాటాక నీళ్లు పచ్చబడ్డాయి, ఇంకా పోతే నీలమయ్యాయి. పాళెం సన్నని గీతలా మిగిలింది. దక్షిణాన కృష్ణపట్నం రేవు కోసం ఆగిన ఓడలు వరసగా కనిపించాయి. ఆమె ఇంకొంచెం అంది. శివ ఇంకొంచెం పోనిచ్చాడు. మళ్లీ అంది. ఈ పడవతో ఇంతకంటే పోకూడదక్కా అని శివ నెమ్మదిగా చెప్పి, ఇంజను మళ్లించాడు.

పడవ ఒడ్డు వైపు తిరిగింది. భవాని మాత్రం లేచి ఇటు తిరిగి కూర్చోలేదు. ఇసుక తగిలేదాకా ఆ నీలం వైపే చూస్తూ వచ్చింది.