మూడు వరుసల కుట్టు

పోయిన వారం కొత్త చుడీదార్ వదులుగా ఉందని ఖమ్మంలో ఒక ఆల్టరేషన్ దుకాణానికి తీసుకెళ్తే, దర్జీ గుడ్డను రెండు వేళ్ల మధ్య పట్టి చూసి, పక్కల అంగుళం తగ్గించాలమ్మా అన్నాడు. అంత మామూలు మాటకే నా గుండె గుభేలుమంది. నా ఈడు వాళ్లలో కొందరికైనా ఆ గుభేలు ఎందుకో తెలిసే ఉంటుంది. తెలియని వాళ్లకు చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డు ఊళ్లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. నాన్న అప్పటికే లేడు. అడవి లోపలి గూడెం బడిలో నేను విద్యా వాలంటీరుని. అక్క పెళ్లయి సత్తుపల్లి వెళ్తూ తన కుట్టుమిషనునూ, పాత వార్తాపత్రికల మీద కత్తిరించుకున్న తన చుడీదార్ కొలతల కాగితాలనూ నాకు వదిలి వెళ్లింది. ఆ ఏడు క్రిస్మస్‌కు నా బట్టలు నేనే కుట్టుకోవాలని పట్టుబట్టి, భద్రాచలంలో నేరేడుపండు రంగు గుడ్డ కొన్నాను. అక్క నాకంటే ఒళ్లున్న మనిషి కాబట్టి, ఆమె కాగితం మీద చాతీ దగ్గర అంగుళం, నడుము దగ్గర అంగుళమున్నర లోపలికి గీతలు గీసుకుని, చంక గుండ్రం తిప్పడం రాక రెండు కాగితాలు పాడుచేసి, మూడోది గుడ్డ మీద పరిచి కత్తెర పెట్టాను. పక్క కుట్లలో గుడ్డ ఎక్కువే వదలాలని అక్క చెప్పిన మాట మాత్రం మరిచిపోలేదు. దసరా సెలవుల్లో పూర్తిచేసి తొడుక్కుంటే ఒంటికి అతికినట్టుంది. అమ్మ నన్ను ముందుకూ వెనక్కూ తిప్పి చూసి మురిసిపోయింది.

నవంబరు చివర్లో మళ్లీ వేసుకుంటే నడుము దగ్గర గుడ్డ వేలాడింది. నా కత్తిరింపులోనే ఏదో తప్పు పోయిందనుకుని లోపల ఇంకో కుట్టు వేశాను. క్రిస్మస్ దగ్గరపడే సరికి మళ్లీ వదులైంది. అప్పటికే పొద్దుగూకితే ఒళ్లు వెచ్చబడుతోంది, దగ్గు తెరిపి ఇవ్వడం లేదు. తలుపు గడియ పెట్టుకుని టేపు చుట్టి చూసుకుంటే దసరా నాటి కొలతకు మూడంగుళాలు తక్కువ వచ్చింది. తగ్గిపోతున్నది నేనేనని అప్పుడు తెలిసి, టేపు పట్టుకుని అలాగే గోడకు జారగిలబడ్డాను.

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, నా చిన్నతనంలో ఇలాగే వెచ్చబడి, ఇలాగే దగ్గి దగ్గి, మా పెరటి కొట్టంలో వేరే పళ్లెంతో, వేరే చెంబుతో ఉండి ఉండి పోయింది. ఆ రోగం పేరు ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు, ‘ఆ జబ్బు’ అనేవారు. నాకు చావంటే ఉన్న భయం కంటే ఆ కొట్టమంటే ఉన్న భయమే ఎక్కువ. అందుకే, ఎవరికీ కనబడకుండా ఉండడానికి మూడో వరుస కుట్టు వేశాను. చలికాలం కదా, దగ్గు ఉంటుందని అమ్మను నమ్మించాను. బడిలో కుర్చీని గుమ్మం దగ్గరకు జరుపుకుని, మీద పడబోయే పిల్లలను దూరంగా కూర్చోమని కసురుతుంటే, టీచరుకు తమ మీద కోపం వచ్చిందని వాళ్లు తమ భాషలో గుసగుసలాడుకునేవారు.

జనవరిలో ఒక మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ దండెం దగ్గర నిలబడి ఉంది. రంగు వెలవకుండా నా చుడీదార్‌ను తిరగేసి ఆరేయబోతూ ఆగిపోయినట్టుంది.

“ఇదేందే, గిట్ల మూడు వరుసలు కుట్టినవ్?”

వదులైందన్నాను.

“అవ్, వదులైంది. నిజం చెప్పు బిడ్డా, సాయంత్రం జ్వరమొస్తుందా?”

ఇక దాచలేకపోయాను. “నన్ను కొట్టంల పెట్టకే అమ్మా” అని ఏడ్చాను. అమ్మ తడి గుడ్డను గుండెకు అదుముకుని వాకిట్లోనే కూలబడింది.

మర్నాడు మొదటి బస్సుకు భద్రాచలం దవాఖానాకు వెళ్లి పరీక్షకు కళ్లె ఇచ్చి వచ్చాం. రెండు రోజుల తర్వాత రమ్మన్నారు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో పొయ్యి వెలిగింది గాని ఇద్దరికీ ముద్ద దిగలేదు. మళ్లీ వెళ్తే డాక్టరమ్మ కాగితం చూసి, నేను జీవితంలో ఎన్నడూ నోటితో అనని ఆ పేరును పడిశం అన్నంత తేలిగ్గా పలికింది.

“టీబీనే. ఆర్నెల్లు మందులు మానకుండా ఏసుకుంటే పోతది.”

అమ్మ ఒక్కటే అడిగింది. “పళ్లెం వేరే పెట్టాల్నా?”

పళ్లేలతో అంటదని, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమని, కొన్నాళ్లు బడికి పోవద్దని చెప్పిందామె. ఆ పూట ఇంటికొచ్చి అమ్మ ఎప్పటి పళ్లేల్లోనే అన్నం పెట్టింది. “నా చెల్లెకు వేరే పెట్టిన. తెల్వక పెట్టిన. నీకు పెట్టను” అంది, నా ముఖం చూడకుండా.

మందు వేసుకున్న మొదటి రోజు మూత్రం ఎర్రగా వస్తే నెత్తురే అనుకుని, ఇక అయిపోయిందనుకున్నాను. అది మందు రంగని, నాకు మందులిచ్చే అంగన్‌వాడీ టీచరు చెప్పేదాకా ప్రాణం కుదుటపడలేదు. గూడెంలో పిల్లలకూ పరీక్షలు చేశారు. ముందు వరుసలో కూర్చునే ఒక పాపకు దగ్గుందని తెలిసి, ఆమె కాగితం వచ్చేదాకా నేను పడ్డ బాధ నా జబ్బుకు కూడా పడలేదు. దేవుడి దయవల్ల అది ఉత్త జలుబే.

వానలు పడే నాటికి జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, చుడీదార్ చంకల దగ్గర పట్టేసింది. బ్లేడు తీసుకుని గుమ్మంలో కూర్చుని ఒక్కో వరుసే విప్పుకుంటుంటే అమ్మ పక్కనే బియ్యం ఏరుతూ కూర్చుంది.

ఇప్పుడు ఆ జబ్బు పేరును బస్సుల మీదా, గోడల మీదా పెద్దక్షరాల్లో రాస్తున్నారు, పిల్లలు కూడబలుక్కుని చదువుతున్నారు. మంచి రోజులే. కాని ఆ పేరు పలకడానికి భయపడి మా ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు తమ ఒళ్లు తరిగిపోవడాన్ని బట్టల్లో దాచుకుని వెళ్లిపోయారో అనిపిస్తుంది. మా చిన్నమ్మకు కుట్టు రాదు, చీర కట్టేది. చివరి రోజుల్లో ఆమె ఎన్ని కుచ్చిళ్లు ఎక్కువ పోసుకుందో మాలో ఎవరమూ చూడలేదు.