పురుగుమందు కలపని సీసా

మల్లెపూల వాసన తగలగానే నాకు ముందుగా చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. నిన్న సాయంత్రం మారతహళ్ళిలో బస్సు దిగగానే రెండు మూరలు కొన్నాను. ఇంటికొచ్చి సబ్బుతో వేళ్ళ సందులు రుద్దుకుంటుంటే మా అమ్మాయి నవ్వింది. "పూలు కొన్నావా, చేపలు కొన్నావా అమ్మా?" అంది. దానికి జవాబు చెప్పాలంటే రాజ్యలక్ష్మి మేడమ్ గురించి చెప్పాలి.

తొంభైల చివర్లో ఎం.ఫిల్. చేయడానికి గుంటూరు నుంచి బెంగళూరు వచ్చాను. మేడమ్ నా గైడు. తాతల కాలంలోనే ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు. ఆమె తెలుగు నాకు, నా తెలుగు ఆమెకు కొన్నాళ్ళు వింతగానే ఉండేవి. పొలాల్లో చల్లిన పురుగుమందు వానకు కొట్టుకొచ్చి చెరువుల్లో చేరితే అక్కడి చిన్న ప్రాణులు ఏమవుతాయన్నది ఆమె పరిశోధన. అందుకోసం గాజు సీసాల్లో డాఫ్నియాలను పెంచేవారు. ఆవగింజంత ఉంటాయి, రొయ్యలకు దూరపు చుట్టాలు, నీళ్ళలో ఎగిరెగిరి ఈదుతాయి. మేడమ్ వాటిని 'మన జనం' అనేవారు. మొదటిరోజే ఒకదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు. ఒళ్ళంతా అద్దంలా ఉంది, లోపల గుండె టపటపా కొట్టుకుంటోంది.

"గుండె కనపడతా ఉండాదా?"

"కనపడుతోంది మేడమ్. ఎంత వేగంగా కొట్టుకుంటోందో!"

"దీపం వేడికి బెదిరిపోయింటాది పాపం. చూసింది చాలు, బేగ నీళ్ళలోకి వదిలెయ్."

నాకు తనివి తీరనే లేదు, అయినా వదిలేశాను. మేడమ్ దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఆమె జడలో పూలు లేని రోజు అరుదు. అవి అత్తగారు కట్టినవి. ఆవిడకు చూపు దాదాపు పోయింది. పొయ్యి దగ్గరకు వెళ్ళొద్దన్నారు, మెట్లు దిగొద్దన్నారు, ఇక ఆవిడకంటూ మిగిలిన పని పూలు కట్టడమే. పొద్దున్నే మార్కెట్ నుంచి విడిపూలు వచ్చేవి. అరటినార పళ్ళ మధ్య పట్టుకుని, వేళ్ళతో తడుముకుంటూ కట్టి, కోడలి జడలో తనే తురిమి పంపేది. ఆదివారాలు వాళ్ళింట్లో భోంచేసి నేనూ చాలాసార్లు పెట్టించుకున్నాను. మేడమ్‌కు రెండు అలవాట్లు ఉండేవి. ఆలోచనలో పడితే చేయి ఆ పూల మీదికి పోయేది. సీసాలో నీళ్ళు మార్చిన ప్రతిసారీ, పసిపిల్లకు స్నానం నీళ్ళు చూసినట్టు చిటికెనవేలు ముంచి చూసేవారు.

మా పనికి ప్రాణం పురుగుమందు కలపని సీసా. అందులోని జనం హాయిగా బతికితేనే మిగతా సీసాల్లోవి మందువల్ల చచ్చాయని చెప్పగలం. మాకేమో అందులోవి కూడా చచ్చిపోతుండేవి. నీళ్ళు మార్చాం. సీసాలు మరిగించాం. పక్కగదిలో దోమల చక్రాలు మాన్పించాం. ఏం చేసినా అంతే. నడుమ రెండు మూడు రోజులు బతికి ఆశ పెట్టేవి, మళ్ళీ మామూలే. గడువు దగ్గరపడుతోంది. థీసిస్ లేకుండా ఇంటికి తిరిగివెళ్ళాల్సి వస్తుందేమోనని నాకు ఏడుపొచ్చేసేది.

ఒకరోజు ఆ సీసాలో జనం భలే హుషారుగా తిరుగుతున్నారు. చెబుదామని పరిగెత్తాను. మేడమ్ జడ బోసిగా ఉంది. కిందటి నెల కూడా ఇలాగే జరిగిందని గుర్తొచ్చింది. బయటున్న మూడు రోజులూ పూలు పెట్టుకోకూడదని వాళ్ళింట్లో పట్టింపు. ఎలా చెప్పాలో తెలియక, సీసాలు కడుగుతూ తలెత్తకుండా అనేశాను.

"మేడమ్, మీరు పూలు పెట్టుకోని రోజుల్లోనే మన జనం బతుకుతున్నారు."

ఆమె చేయి అలవాటుగా జడ మీదికి వెళ్ళి, ఏమీ తగలక ఆగిపోయింది.

మళ్ళీ పూలు పెట్టుకున్న రోజు, జడలోంచి ఒక్క మల్లెపువ్వు తీసి శుభ్రమైన నీళ్ళ సీసాలో వేశారు. సాయంత్రానికి అందులోవన్నీ అడుగున పడి ఉన్నాయి. మేడమ్ వాటిని వేరే నీళ్ళలోకి మార్చి చాలాసేపు చూశారు. ఒక్కటీ కదల్లేదు.

నాకు మాత్రం పట్టలేనంత సంతోషం. "అయితే పూల మీది మందే మీ వేలితో నీళ్ళలోకి దిగుతోంది! చేతులు కడుక్కుంటే చాలు కదా మేడమ్! గట్టెక్కినట్టే!"

"నా చేతులు కడుక్కుంటాను పాపా. మా అత్త ఆ మందు అంటిన నారనే పంటితో పట్టుకోని కడ్తాది కదా."

నాకు ఆ మాట తట్టనే లేదు. నా చూపంతా సీసా మీదే ఉంది.

మర్నాటి నుంచి వాళ్ళింటికి మార్కెట్ పూలు రాలేదు. పెద్దావిడ ఎంత చెప్పినా వినలేదు. "కండ్లు పోయినాయి, ఇంక చేతులూ పోయినాయా నాకి? కంటికి కనపడని పురుగులు చచ్చినాయని ఇంట్లో కనపడే ముసిల్దాని పని తీసేస్తారా?" అని కోడలితో మాటలు మానేసింది. అన్నం సగమే తినేది. ల్యాబులో మా పని మాత్రం చక్కగా సాగింది, ఆ సీసా నిండా జనం. మేడమ్ ముఖంలో ఆ సంతోషం లేదు. జడ బోసిగా చూసి, ఇంట్లో అంతా బాగేనా అని కాలేజీలో ఎవరెవరో అడిగారు కూడా.

మేడమ్ మిద్దె మీద కుండీల్లో మల్లె అంట్లు నాటారు. పురుగు పడితే చేత్తో ఏరేవారు, ఏ మందూ కొట్టలేదు. వేసవి వచ్చాక ఒకరోజు గుప్పెడు మొగ్గలు ఆకులో పొట్లం కట్టి ల్యాబుకు తెచ్చారు.

"అవ్వ కట్టలేదా మేడమ్?"

"ముందు మన జనాన్ని అడగాల కదా."

కొన్ని మొగ్గలు సీసాలో వేశాం. మర్నాడు చూస్తే అందరూ ఈదుతున్నారు, ఒకటి పిల్లల్ని కూడా వదిలింది. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళారు. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే పెద్దావిడ, ఇన్నాళ్ళ అలక పక్కనపెట్టి, అడిగింది.

"గుంటూరు పాపనా? ఏమన్నారు మీ జనం?"

"బతికున్నారు అవ్వా. పిల్లల్ని కూడా పెట్టారు."

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని, "తే మరి" అంటూ దోసిలి పట్టింది. ఆ పొద్దున మిద్దె మీద కోసిన మొగ్గలన్నీ కలిపినా జానెడు మాల కాలేదు. కోడలి చెవి తడిమి, జడ వెతుక్కుని తురిమింది. అన్ని నెలల పని వృథా అయినప్పుడు చెక్కుచెదరని మేడమ్ అక్కడ తల వంచుకుని ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఆ మల్లె అంటు మా బాల్కనీలో ఉంది. నిన్న చేతులు కడుక్కున్నాక కూడా, బస్టాపులో నార పంటితో పట్టుకుని కూర్చున్న పూలావిడే కళ్ళ ముందు మెదిలింది. అందుకే ఈ సాయంత్రం మా మొక్కకు పూసిన మొగ్గలు కోసి ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను, కట్టిపెట్టమని. ఆవిడ వాసన చూసింది.

"ఏం మందు కొడతావక్కా చెట్టుకి?"

"ఏమీ కొట్టను."

నమ్మనట్టు నవ్వి, నార పళ్ళ మధ్య పెట్టుకుంది. ఆ చిన్న మాల కట్టినంతసేపూ నేను బెంగ లేకుండా ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాను.