ఎర్ర కండె, పచ్చ కండె

రంగు బానలోంచి ఆవిరి ముక్కుకు తగిలిందంటే చాలు, నాకు రూతమ్మ టీచరు గొంతు వినిపిస్తుంది. ఈ పొద్దున కూడా అంతే. తడి నూలు చిలపలు పిండి దొడ్లో దండెం మీద ఆరేస్తుంటే ఆ పుల్లటి వాసన గుప్పున కొట్టింది, చెయ్యి అలాగే ఆగిపోయింది. నేను బడికి పోయే రోజుల్లో మా టీచరు ఆమె. మీరెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి చెబుతాను. పొట్టి మనిషి, నూనె రాసి నున్నగా దువ్విన జుట్టు, నల్లదారానికి చిన్న సిలువ. పుట్టింది వేలూరులో, మాకు చదువు చెప్పింది గుడియాత్తం ఆడపిల్లల బడిలో. మా వెనక వీధిలోనే అద్దెకు ఉండేది. మామూలుగా మెత్తగా మాట్లాడే మనిషే, పాఠం మొదలుపెట్టిందంటే మాత్రం బయట పోయే బండివాడు కూడా ఎద్దుల్ని ఆపి వినాల్సిందే.

ఒకసారి క్లాసులో, "ఎవరి ముక్కు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పండి చూద్దాం" అంది. "నాది మా నాయన ముక్కు టీచర్, ఆయనింకా తిరిగి అడగలా" అన్నాను నేను. క్లాసంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వి, "అడగడులే. ఇచ్చినోళ్ళకు ఇచ్చినట్టే తెలీదు. ముక్కొకటే కాదమ్మా, ఒంట్లో ఏ గుణమైనా అంతే. అమ్మ దగ్గర్నుంచి ఒక పోగు, నాయన దగ్గర్నుంచి ఒక పోగు వస్తాది. ఆ పోగుకు చదువుకున్నోళ్ళు జీన్ అని కొత్తగా పేరు పెట్టినారు" అంది. సాలెవాళ్ళ పిల్లలం, పోగు అంటే మాకు చెప్పాలా! విని నవ్వుకుని మరిచిపోయాం. ఆ పోగు మా ఇంట్లోనే ఉందని, మా అన్న బతుకును పట్టుకుని వేలాడుతోందని నాకేం తెలుసు?

మా అన్న మునెప్ప అప్పుడప్పుడే సొంతంగా మగ్గం ఎక్కుతున్నాడు. వాడికి మగ్గం మీద మనసు లేదు. కాట్పాడిలో రైలు పనికి పోతానని ఒకటే పోరు. నాయన ససేమిరా అన్నాడు. ఆ వారంలో అమ్మ నెమిలి ఊళ్ళో చిన్నమ్మ పురుటికని పోయింది. రోజూ నూలు కండెలు చుట్టి వాడి చేతికి అందించేది అమ్మే. ఆమె లేదు కనుక నాయన ఎర్రవీ పచ్చవీ కలిసిన కండెల బుట్ట వాడి పక్కన పెట్టి, తను పడుగు పని మీద బజారుకు పోయాడు. మగ్గం మీద ఉన్నది పెళ్ళిచీర. పచ్చ ఒళ్ళు, ఎర్ర అంచు.

సాయంత్రం నాయన కేక విని నేను వంటింట్లోంచి పరుగెత్తాను. అమ్మో, ఆ చీర! సగం దాకా చిలకపచ్చగా నిగనిగలాడుతోంది. అక్కడి నుంచి పచ్చ పడుగులో అడ్డంగా ఎర్ర పేక పడి, మిగతా నేత కమిలిన దెబ్బలా ఉంది. అన్న మాత్రం కండె ఎక్కించిన నాడె చేతిలో పట్టుకుని మా మొహాలు చూస్తున్నాడు, ఏం జరిగిందో వాడికే అర్థం కానట్టు.

"కావాలనే చేసినావు గదరా! కాట్పాడికి పంపలేదని కక్ష తీర్చుకుంటావా?"

"లేదు నాయనా, సరిగ్గానే నేసినానే..."

ఆ మాటతో నాయన చెయ్యి లేచింది. జన్మలో మమ్మల్ని కొట్టని మనిషి! "పో! ఆ కాట్పాడికే పో. అక్కడుండే మీ పెదమామతో చెప్తాను, స్టేషన్లో జెండా ఊపే పని ఇప్పిస్తాడు. అమ్మ వచ్చినాక చెప్పేసి పో, మళ్ళా నా గడప తొక్కొద్దు" అన్నాడు. అన్న ఏడవలేదు. వాడు ఏడిస్తే బాగుండునని నాకు అనిపించింది.

అమ్మ వచ్చిన రోజే నేను బడిలో వెక్కి వెక్కి ఏడ్చాను. రూతమ్మ టీచరు అంతా విని, చివర్లో "జెండా పనా?" అంది. గొడుగు కూడా మరిచి నాతో మా ఇంటికి వచ్చేసింది. పలకరింపుల్లేవు, కూర్చోవడం లేదు. దండెం మీది చిలపలన్నీ దులిపి అన్న ముందు కుప్ప పోసి, "ఇందులో ఎర్రవి ఏరి పెట్టు నాయనా" అంది.

వాడు ఏరాడు. మనసు పెట్టి, ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి మరీ ఏరాడు. వాడి ఒళ్ళో ఎర్రవి, పచ్చవి కలిసిపోయి ఉన్నాయి. అమ్మ కెవ్వుమంది. నాయన గోడకు ఆనుకున్నాడు. ఇన్నేళ్ళు ఒకే కంచంలో తిన్నాం, వాడు చూసే లోకం వేరని మాలో ఒక్కరికీ తెలియదు!

టీచరు నాయన వైపు తిరిగింది. "వాడికి కక్ష లేదన్నా. ఆ రెండు రంగులకూ వాడి కంట్లో తేడా లేదు. జెండా పనికి పంపితే ఏమయ్యేదో తెలుసునా? ఎర్ర జెండా ఊపాల్సిన చోట వీడు పచ్చది ఊపేవాడు. రైల్లో ఎంతమంది ఉంటారు!"

నాయన తల అడ్డంగా ఊపాడు. "మా వంశంలో ఇట్టాంటిది యాడా లేదు టీచరమ్మా" అన్నాడు.

"మీ వంశం కాదు. అమ్మా, మీ నాయన కన్ను ఎట్టా ఉండేది?"

అమ్మకు రోషం వచ్చింది. "మా నాయనా? ఆయన నేసిన చీరకు వేలూరు నుంచి వచ్చి కాచుకుని ఉండేవాళ్ళు! ఏం మాటలు మాట్లాడతా ఉండారు?"

అప్పుడు అరుగు మీద నుంచి అమ్మను కన్న మా తాత గొంతు వచ్చింది. అవ్వ పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్నాడు. ఆ దిగులుతోనే మగ్గం మానేశాడని ఊరంతా అనుకునేది.

"ఆయమ్మ చెప్పింది నిజమే బిడ్డా. మీ అమ్మ కుడి పక్క ఎర్ర కండెలు, ఎడమ పక్క పచ్చవి పెట్టేది. నేను పక్కను చూసి నేసినాను గాని రంగును చూసి కాదు. ఆమె పోయినాక ఎవురు పెడతారు నాకు? అందుకే దిగేసినాను."

అమ్మ నేల మీద చతికిలబడింది. టీచరు ఆమె పక్కనే కూర్చుని రెండు దారాలు తీసి పేని చూపించింది. "ఆడదానికి ఈ రంగుల చూపులో రెండు పోగులమ్మా. ఒకటి పాడైనా రెండోది కాపాడుతుంది. మగవాడికి ఇక్కడ మాత్రం తల్లి ఇచ్చిన పోగు ఒక్కటే. మీ నాయన పోగు నీలో దాగి ఉండి నీ కొడుకులో బయటపడింది."

"అయితే నేనే ఇచ్చినానా?" అంది అమ్మ.

"నువ్వే ఇచ్చినావు. కానీ అది తప్పు కాదు తల్లీ. తెలీకుండా వచ్చింది, తెలీకుండా పోయింది."

నాయన లేచి వెళ్ళి అన్న తల మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. మర్నాడు తాత తానే మగ్గం దగ్గర కూర్చుని, కుడి ఏది, ఎడమ ఏది వాడికి నేర్పాడు. కండెలు పెట్టేది అమ్మ. అన్న మంచి నేతగాడయ్యాడు, కాట్పాడి మాట మళ్ళీ ఎత్తలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆ రోజే టీచరును గుమ్మం దాకా సాగనంపుతుంటే ఆమె ఆగి, "ఆ పోగు నీలోనూ ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. నీ కంటికి ఎప్పటికీ తెలీదు" అంది. ఎర్రపచ్చల్లో ఛాయ తేడా కూడా పట్టేసే దాన్ని నేను! "నీ బిడ్డల్లోనో, వాళ్ళ బిడ్డల్లోనో కనపడితే, ఎవురన్నా చెయ్యెత్తేలోపల నువ్వు నోరు తెరువు" అంది. తర్వాత ఆమెకు వేలూరు బదిలీ అయింది, అక్కడే కన్నుమూసింది. నా కొడుకులిద్దరూ రంగులు గుర్తుపడుతుంటే అమ్మయ్య అనుకున్నాను. కూతురిలో ఆ పోగు దాగి ఉండొచ్చని నాకు తట్టనే లేదు.

ఈ పొద్దున చిలపలు ఆరేస్తూ నా కూతురి కొడుకును ఎర్ర చిలప తెమ్మన్నాను. వాడు నవ్వుతూ పచ్చది తెచ్చి చేతిలో పెట్టాడు. ఇంకోటి తెమ్మన్నాను. మళ్ళీ పచ్చదే. "ఒళ్ళు పొగరా నీకు?" అంటూ అల్లుడు లేచాడు. అతని చెయ్యి లేచేలోపలే నేను నోరు తెరిచాను.

"ఆగప్పా, వాణ్ణి ముట్టుకోవద్దు. అది నా దగ్గర్నుంచి వచ్చినాది."