లేని మనిషికి ట్రంక్ కాల్

ఫోన్‌ను మాట్లాడకుండ వాడుకునుడు ఎట్లనో నాకు నేర్పింది మానుకోటల ఒక మిర్చి సావుకారి. మానుకోట అంటే మహబూబాబాదే. కాగితాల మీద ఆ పేరు, నోట్లె ఈ పేరు. ఎనభైల చివర్ల నేను ఆడ సర్కారు బడిల టీచర్‌ను. సావుకారి ఇంటి వెనుక, మిర్చి గోదాముకు ఆనుకొని ఉన్న ఒక్క అర్ర నాది. నడుమ గోడ ఒక్కటే ఉండె, గాలి మళ్ళిందంటే చాలు తుమ్ములే తుమ్ములు. పొద్దంతా బడిల పిల్లల లొల్లి, పొద్దుగూకితే నా తుమ్ము తప్ప ఇంట్ల ఇంకో చప్పుడు లేకపోయేది.

నాకు పెండ్లయి అప్పటికి యేడాది కూడ నిండలే. ఆయన ఉండేది భూపాలపల్లిల. కొత్తగ బొగ్గుబాయిలు తవ్వుతున్న రోజులు, ఆయనది బాయిల దిగే పని. నా బదిలీ అర్జీ ఏ టేబుల్ కింద పడ్డదో ఏమో, ఎంతకూ కదలలే. రెండు వారాలకోసారి శనివారం నాడు ఆయన పరకాల మీదికెల్లి బస్సుల వరంగల్ వచ్చి, ఆడ రైలెక్కి మానుకోట చేరేటోడు. ఆదివారం మధ్యాహ్నానికే మళ్ళ సంచి సర్దుకునుడు. జర సిగ్గు విడిచి మాట కలిసేసరికి రైలు టైమయ్యేది.

నా పుట్టిల్లు జనగామ. అదే రైలు లైన్ల ఉన్నది, రావద్దని ఎవరన్లే. గని పెండ్లయిన బిడ్డ ఆదివారమొస్తే చాలు పుట్టింట్ల కనిపిస్తాందంటే వాడకట్టుకు అంతకంటే ఏం కావాలె? అందుకని పోయేదాన్ని కాదు. ఒక్కదానికి పిడికెడు బియ్యం పోసుకునేదాన్ని, అవి గూడ మిగిలితే పొద్దున తినేదాన్ని.

ఒక్కదాన్నే ఉండుడు నాకేం కొత్త కాదు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంల బడులు బందయినప్పుడు నేను చిన్నపిల్లను. అవ్వ, నాయిన పనికి పోతే పగలంతా ఇంట్ల ఒక్కదాన్నే. గోడ ముందట నిలబడి, బడిల నేర్చుకున్న పాఠాలే గోడకు చెప్పుకుంట ఉండేదాన్ని. అయితే అప్పుడు పొద్దుగూకితే అవ్వ వస్తదని ధైర్యముండె. మానుకోటల పొద్దుగూకితే ఎవరొస్తరు? ఏడుపొచ్చేది. ఎవరికోసం ఏడుస్తున్ననో చెప్పుకుందామంటే గూడ మనిషి లేకపోయేది.

ఉత్తరాలు రాసుకోవచ్చు గదా అంటరు. రాసిండు మహానుభావుడు! "నేను బాగున్న, నువ్వు బాగుండు." గంతే. కార్డుల మిగిలిన జాగంతా ఖాళీ. ఏం తింటున్నవయ్యా, బాయిల చీకట్ల భయం కాదా అని నేను పేజీలకు పేజీలు రాస్తే, దానికి జవాబు మళ్ళ అదే కార్డు.

సావుకారి దుకాణంల ఒక నల్ల ఫోన్ ఉండె. మా గల్లీ మొత్తానికి అదొక్కటే. సావుకారిని నేను కాక అని పిలిచేదాన్ని, ఆయన నన్ను టీచరమ్మ అనేటోడు. ఒకనాడు ధైర్యం చేసి అడిగిన. "కాకా, మా ఆయన భూపాలపల్లి పోస్టాఫీసు నుంచి ఇక్కడికి ఫోన్ కొడితే మీకేమన్న ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది? ఇబ్బంది ఆ పిలగానికే" అన్నడు కాక. "ట్రంక్ కాల్ అంటే మాటలనుకున్నవా? మూడు నిమిషాలంటరు, హలో హలో అనుడుకే రెండు నిమిషాలు పాయె. జీతమంతా తీస్కపోయి పోస్టాఫీసుల పోస్తడా? ఇటు రా, ఒక ఉపాయం చెప్త."

గద్దె మీద జరిగి కూసొని, పాఠం చెప్పినట్టే చెప్పిండు. "ట్రంక్ కాల్ల పీపీ అని ఒకటుంటది. ఫలాన మనిషి ఉంటేనే కలుపు అని ఆపరేటరమ్మకు ముందుగాలనే పేరు చెప్పాలె. ఆ మనిషి లేడంటే కాల్ క్యాన్సల్. మాటల పైసలు పడయి, జరంత ఫీజు కట్టి ఇంటికి పోవుడే. మరి ఈ దునియాలనే లేని మనిషి పేరు అడిగినమనుకో?" అని కన్నుగీటిండు. వరంగల్ల ఉన్న బామ్మర్దితోటి ఆయన యాపారమంతా గట్లనే నడిచేదట. ఒక పేరు అడిగితే మిర్చి ధర ఎక్కినట్టు, ఇంకో పేరు అడిగితే పడ్డట్టు. లేడని చెప్పి ఫోన్ పెట్టేసి, సరుకు ఆపాల్నా అమ్మాల్నా తేల్చుకునేటోడు.

మా ఆయన వచ్చిన శనివారం ముగ్గురం కూసొని పేర్లు ఖాయం చేసినం. ఆ పేర్లు ఇప్పుడు రాయను గని, ఒకటి తాతల కాలం నాటి పేరు. అది అడిగితే నేను బాగున్న అని. ఇంకొకటి జర సోకు పేరు. అది అడిగితే ఈ శనివారం వస్తాన్న అని. మేం వాళ్ళను ముసలాయన, చిన్నాయన అని పిలుచుకున్నం.

"మరి ఏమన్న ఆపతి వస్తే?" అని అడిగిన నేను.

కాక రెండు చెవులు మూసుకున్నడు. "తప్పు తప్పు! మంచిగుండంగ గా మాటెందుకు టీచరమ్మా? చెడుకు పేరు పెడితే చేతులార పిలిచినట్టే."

మా ఆయన గూడ తలూపిండు. గట్ల చెడ్డ వార్తకు పేరు పెట్టుకోలే.

ఇగ ప్రతి గురువారం, నేను బడి నుంచి వచ్చిన ఘడియకు ఫోన్ మోగేది. కాక ఎత్తి, "అట్లాంటోళ్ళెవరు లేరమ్మా ఇక్కడ" అని గట్టిగ చెప్పి పెట్టేసేటోడు. వెంటనే లోపలికి కేక. "టీచరమ్మా, ముసలాయనకు ఫోనొచ్చింది!" చిన్నాయన కోసం వస్తే ఆ కేక ఇంకింత రాగం తీసేది. బస్తాలు మోసే హమాలీలు నవ్వేటోళ్ళు. "ముసలాయన పాణం మంచిగున్నదా టీచరమ్మా?" అని అడిగేటోళ్ళు.

నేను గురువారం నాడు మొఖం కడుక్కొని, తల దువ్వుకొని, చీర మార్చి దుకాణం గడప కాడ నిలబడేదాన్ని. చూసేటోడు లేడు, మాట్లాడేటోడు లేడు, సోకుకు మాత్రం తక్కువ లేదు. ఒకసారి మా ఆయన్ను అడిగిన. "లేడని చెప్పేటప్పుడు కాక గొంతు నీకు వినపడ్తదా?"

"ఆఁ, వినపడ్తది. లేడు లేడని ఒకటే మొత్తుకుంటడు" అన్నడు.

అంటే ఈ పక్క చప్పుడు ఆ పక్కకు పోతదన్నట్టే గదా! ఆ మాట విన్నప్పటి నుంచి, కాక ఫోన్ ఎత్తంగనే నేను దగ్గరికి పోయి చేతి గాజులు గలగల ఆడిచ్చేదాన్ని. మాట్లాడితే పైసలు పడ్తయి గని గాజులకు ఎవడు పైసలడుగుతడు? కాక ఓరకంట చూసి మూతి బిగపట్టుకునేటోడు. ఆ రాత్రికి నాకు నిద్ర మంచిగ పట్టేది. ఆయనకు నా గాజులు వినపడ్డయి, ఇంకేం కావాలె అనిపించేది.

ఒక బుధవారం బడిల ఉండంగ మాట వచ్చింది. భూపాలపల్లిల బాయి పైకప్పు కూలిందట, మనుషులు దాని కింద చిక్కుకున్నరట. ఎంతమందో, ఎవరో చెప్పేటోడు లేడు. చాక్‌పీసు చేతులనే పట్టుకొని ఇంటికి ఉరికిన. కాక నా మొఖం చూసి ఏం అడగకుండనే ఫోన్ అందుకున్నడు. బాయి ఆఫీసుకు కాల్ బుక్ చేసి చీకటి పడేదాక చూసిండు. లైన్ కలువలే. "రేపు గురువారమే గదా బిడ్డా. ముసలాయన వస్తడు, చూడు" అన్నడు. ఎన్నడు టీచరమ్మ తప్ప ఇంకో మాట అననోడు ఆనాడు బిడ్డా అన్నడు. దాంతోటి నాకు ఇంకా భయమైంది.

గురువారం బడికి పోలే. పొద్దటి నుంచి ఫోన్ ముందటనే మిర్చి బస్తా మీద కూసున్న. రోజూ వచ్చే టైముకే మోగింది. కాక ఎత్తి, విని, మొఖమంతా నవ్వు చేసుకున్నడు. చేత్తోటి ఫోన్ మూసి, "ముసలాయనే బిడ్డా! మంచిగున్నడు!" అన్నడు. కళ్ళల్ల నీళ్ళు గూడ తిరిగినయి ఆయనకు.

నాకు మాత్రం గుండె నిమ్మళం కాలే. పేరు అడిగేది ఆపరేటరమ్మ. ఎవరు పోయి ఏ పేరు చెప్పినా ఆమె అదే పేరు అడుగుతది. ఆడ నిలబడ్డది ఆయనే అని ఎవరు చూసిండ్లు? కాక లేడు అని నోరు తెరిచేలోపలే ఫోన్ గుంజుకున్న.

"ఉన్న. నేనే. కలుపుండ్లి" అన్న.

"ఎవరమ్మా మీరు?"

"మీరడిగిన మనిషిని నేనే."

"అది మగమనిషి పేరు గదమ్మా!"

"అయితేంది? మా అవ్వ గదే పెట్టింది. నీ కాల్మొక్కుత తల్లీ, కలుపు."

ఆమె ఏమనుకున్నదో, కలిపింది. "హలో" అని ఒక గొంతు వచ్చింది. నేనెరగని గొంతు అది.

"వదినా?" అన్నడు ఆ మనిషి, భయం భయంగ. "మీరు ఎత్తుతరనుకోలే. నేను అన్న రూంల ఉండేటోన్ని, దోస్తును. అన్నకు పాణానికేం లేదు వదినా, ఒట్టు. కాలు మీద బొగ్గు పెళ్ళ పడ్డది, బొక్క ఇరిగింది. దవాఖానల ఉన్నడు. మీరు పరేషాన్ అయితరని ముసలాయన పేరు మీద కొట్టమన్నడు."

పాణముంది. ముందు ఆ మాట చెవుల పడ్డది. తర్వాత ఇంకో మాట అడిగిన. ఎందుకడిగిన్నో తెలువదు. "ఇంతకుముందు ఫోన్ కొట్టింది ఎవరయ్యా?"

"నేనే వదినా. మొదట్నుంచి నేనే. అన్న డ్యూటీ దిగేసరికి పోస్టాఫీసు బందయితది" అన్నడు.

అన్ని గురువారాలు నేను తల దువ్వుకొని గాజులాడిచ్చింది ఎవరో పరాయి పిలగానికి! సిగ్గు, కోపం, ఏడుపు మూడు ఒక్కపారే వచ్చినయి. కాకకు ఏం చెప్పకుండ ఫోన్ చేతుల పెట్టి అర్రలకు పోయిన. కాకనే అంతా కనుక్కొని, దుకాణం మూసి, నన్ను రైలెక్కిచ్చిండు.

దవాఖానల మంచం మీద ఆయన కాలుకు పిండికట్టు. నన్ను చూసి నవ్వబోయిండు. నవ్వనియ్యలే నేను. "బాగున్నవా? నువ్వు బాగున్నవా? గీ కాలేసుకొని బాగున్ననని ఫోన్ కొట్టిస్తవా? నీ చప్పుడు అనుకొని ఇన్ని గురువారాలు నేను ఎవరి చప్పుడు విన్న?" వార్డుల పక్క మంచాలోళ్ళంతా ఇటే చూస్తాండ్లు. చూడనియ్యి అనుకున్న.

ఆయన దుప్పటి కాలు మీదికి గుంజుకున్నడు. "నేను కాదని తెలిస్తే ఆ ఫోనొచ్చిన సంబురం గూడ నీకుండదని చెప్పలే" అన్నడు. నా చేతి గాజుల దిక్కు చూసి, "నీ గాజుల చప్పుడు వినపడ్డదని వాడొచ్చి చెప్పేటోడు. వాడు చెప్పేదాక పండుకునేటోన్ని కాదు" అన్నడు.

అప్పుడు ఏడ్చిన. కడుపునిండ ఏడ్చిన.

నా సెలవులు అయిపోయినయి. ఆయన్ను దవాఖాన నుంచి రూంకు పంపిండ్లు, చంకల కట్టెల మీద మెల్లగ నడుస్తాండు. నేను మానుకోటకు బయలెల్లే రోజు ఒక మాట ఇచ్చిండు. "ఇగ లేనోళ్ళ పేర్లు వద్దు. డ్యూటీ లేదు గదా, ఈ గురువారం నేనే పోస్టాఫీసుకు పోత. నీ పేరు మీదనే పీపీ కొడ్త. మూడు నిమిషాలు పూరా మాట్లాడుకుందాం. పైసలు పోతే పోనియ్యి." ఆయన నోట అంత పొడుగు మాట నేను అంతకుముందు వినలే.

మూడు నిమిషాలల్ల ఏమేం మాట్లాడాల్నో బస్సుల, రైల్ల మనసుల పేర్చుకుంట వచ్చిన. అడిగేటియి ముందు, అలిగేటియి వెనుక. కాకకు మాత్రం ముందుగాల చెప్పలే. కన్నబిడ్డకు చెప్పినట్టు చెప్పిన ఉపాయాన్ని ఇగ వద్దంటే నొచ్చుకుంటడేమో అనిపిచ్చింది. ఎట్లయినా నేను ఫోన్ ముందటనే ఉంట గదా అనుకున్న.

గురువారం బడి వదలంగనే వచ్చి, మొఖం కడుక్కొని, కొత్త గాజులు వేసుకుంటాన్న. ఒక గాజు బిగుతై ముంజేతికి ఎక్కుతలేదు. ఆరోజు ఫోన్ జర ముందుగాల్నే మోగింది. గాజు వదిలిపెట్టి ఉరికిన. గడప దాటేసరికి కాక గొంతు వినపడ్డది, ఎప్పటిలెక్కనే గట్టిగ, ఖరాఖండిగ.

"లేదమ్మా, అట్లాంటోళ్ళెవరు లేరు ఇక్కడ."

ఫోన్ పెట్టేసిండు. నన్ను చూసి మస్తు సంబురంగ, "టీచరమ్మా, ఇయ్యాల ముసలాయన గాదు, చిన్నాయన గాదు. ఎవరో ఆడమనిషి పేరు అడిగిండ్లు. కొత్తగ పెట్టుకున్నరా? దీనికి అర్థమేంది?" అని ఆ పేరు చెప్పిండు.

యేడాది నుంచి ఆ ఇంట్ల నేను టీచరమ్మను. బడిల టీచర్‌ను, జనగామల బిడ్డను, ఆ ఫోన్ల వదినను. మానుకోటల ఆ పేరు పెట్టి నన్ను పిలిచినోళ్ళు ఒక్కరు లేరు. కాకకు తెలవాలంటే ఎట్ల తెలుస్తది?

"అది నా పేరు కాకా" అన్న.

ఆయన మొఖం మాడిపోయింది. గబగబ ఎక్స్‌ఛేంజికి ఫోన్ తిప్పి, "అమ్మా ఉన్నది, ఉన్నది, ఇక్కడనే నిలబడ్డది, మళ్ళ కలుపుండ్లి" అని బతిమిలాడిండు. కాల్ క్యాన్సల్ అయిందని, ఆ పక్క మనిషి ఫీజు కట్టి వెళ్ళిపోయిండని చెప్పిండ్లు. ఆడ, రెండు కట్టెల మీద నిలబడి, నేను లేనని ఆయన తన చెవులతోటే విన్నడు.